ఫ్యాన్ తిరగట్లేదా, తిరగడం ఆపట్లేదా? డీజిల్ మోటార్‌హోమ్ హైడ్రాలిక్ ఫ్యాన్ లోగుట్టు

డీజిల్ మోటార్‌హోమ్‌లో, అంటే ఇల్లులా కట్టిన పెద్ద బండిలో, ఇంజన్‌ని చల్లబరిచే ఫ్యాన్ ఆయిల్ ప్రెషర్‌తో తిరుగుతుంది. ఈ హైడ్రాలిక్ ఫ్యాన్ ఇబ్బంది పెట్టే తీరు ముఖ్యంగా రెండు రకాలు. ఎత్తు ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి పాకుతూనే ఉంటుంది, వెనక నుంచి రావాల్సిన హోరు మాత్రం రాదు. లేదంటే సరిగ్గా దానికి తలకిందులు: ఇంజన్ ఇంకా చల్లగానే ఉంటుంది, ఫ్యాన్ మాత్రం స్టార్ట్ చేసిన దగ్గర్నుంచి ఫుల్ స్పీడ్‌లో తిరుగుతూ చెవులు హోరెత్తిస్తుంది, ఎంతసేపు నడిపినా తగ్గదు. రెండూ "ఫ్యాన్ పాడైంది" అనే ఒక్క మాటతోనే గ్యారేజీకి చేరతాయి. అక్కడ చాలాసార్లు మొదట మారేది ఫ్యాన్‌కి ఆయిల్ తోసే పంపు, ఎందుకంటే ఫ్యాన్ మెల్లగా తిరిగిందనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అదే, బిల్లు బరువెక్కేదీ దాంతోనే. నన్నడిగితే పంపును అనుమానితుల వరసలో బాగా వెనక్కి నెట్టేయాలి. ఎందుకో తెలియాలంటే ఈ సిస్టమ్‌ని ఏ లెక్కతో కట్టారో ముందు చూడాలి.

ఇంజన్ వెనక ఉండే మోటార్‌హోమ్‌ని డీజిల్ పుషర్ అంటారు కదా, వాటిలో చాలావాటికి రేడియేటర్ పక్క గోడకు ఉంటుంది. అంటే ఫ్యాన్ తిరగాల్సిన దిక్కు ఒకటి, ఇంజన్ క్రాంక్‌షాఫ్ట్ తిరిగే దిక్కు ఇంకొకటి. బెల్టు వేసి నేరుగా తిప్పడం కుదరదు. పోనీ కరెంటు ఫ్యాన్ పెడదామా అంటే, ఇంత పెద్ద ఇంజన్‌ని చల్లబరిచే ఫ్యాన్‌కి ఫుల్ స్పీడ్‌లో 15 కిలోవాట్లు కావాలనుకుంటే 12 వోల్టుల దగ్గర 1,250 ఆంపియర్లు లాగాలి, అది ఏ ఆల్టర్నేటర్ వల్లా అయ్యే పని కాదు. అందుకని ఇంజన్ గేర్ల మీద ఒక ఆయిల్ పంపు పెట్టి, ఆ ఆయిల్‌ని హోస్‌లో పంపి, ఫ్యాన్ వెనక ఉన్న చిన్న హైడ్రాలిక్ మోటార్‌ని తిప్పిస్తారు. హోస్ వెళ్ళగలిగిన చోటల్లా ఫ్యాన్ పెట్టుకోవచ్చు, స్పీడు కూడా అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు.

ఆయిల్ నడిచే దారి ఇదీ: ట్యాంకు నుంచి సక్షన్ హోస్‌లో పంపుకి, పంపు నుంచి ప్రెషర్ హోస్‌లో మోటార్‌కి, మోటార్ తిప్పాక రిటర్న్ లైన్‌లో ఆయిల్ కూలర్‌కి, ఫిల్టర్‌కి, మళ్ళీ ట్యాంకుకి. మధ్యలో ప్రెషర్ లైన్‌కీ రిటర్న్ లైన్‌కీ అడ్డదారిలా ఒక వాల్వ్ ఉంటుంది. అది తెరుచుకుంటే ఆయిల్ మోటార్ జోలికి పోకుండా పక్క నుంచి జారుకుంటుంది, ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంది. మూసుకుంటే ఆయిలంతా మోటార్‌లోంచే పోవాలి, ఫ్యాన్ ఫుల్ స్పీడ్ అందుకుంటుంది. వాల్వ్‌ని నడిపేది ఒక కాయిల్, కాయిల్‌కి కరెంటు పంపేది ఇంజన్ కంప్యూటరో విడి కంట్రోలరో.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఎక్కువ మోటార్‌హోమ్‌లలో ఈ వాల్వ్‌ని కరెంటు వస్తే తెరుచుకునేలా, కరెంటు పోతే మూసుకునేలా చేస్తారు. అంటే కరెంటు పంపేది ఫ్యాన్‌ని తిప్పడానికి కాదు, ఆపి ఉంచడానికి! వైరు తెగినా, ఫ్యూజు పోయినా, కంట్రోలర్ చచ్చిపోయినా ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌కి వెళ్తుందే తప్ప ఆగిపోదు. డీజిల్ కాస్త ఎక్కువ కాలినా పర్లేదు గానీ ఇంజన్ ఉడికిపోకూడదనేది ఇంజనీర్ల ఉద్దేశం. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే సగం చిక్కు వీడినట్టే: ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంటే వైర్ల వైపు చూడాలి, ఫ్యాన్ స్పీడు అందుకోకపోతే ఆయిల్ వైపు చూడాలి. రెండో దానికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఒక్క కనెక్టర్ ఊడదీస్తే తేలే విషయం

ఫ్యాన్ మెల్లగా తిరుగుతోందని అనుమానం వస్తే పానా పట్టుకునే ముందు చేయాల్సిన టెస్ట్ ఇది. ఇంజన్ ఆపేసి, ఫ్యాన్ వాల్వ్ కాయిల్‌కి వచ్చే రెండు వైర్ల కనెక్టర్ ఊడదీయాలి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, ఆయిల్ కాస్త వేడెక్కాక ఆర్‌పీఎం పెంచి చూడాలి. ఫ్యాన్ హోరున ఫుల్ స్పీడ్ అందుకుంటే పంపు, మోటార్, ఆయిల్ అన్నీ క్షేమం, తప్పు ఆజ్ఞ ఇచ్చే వైపు ఉంది. కనెక్టర్ ఊడదీసినా ఫ్యాన్‌లో చలనం లేకపోతే కంప్యూటర్‌ని, సెన్సర్లని అనడానికి ఏమీ లేదు, జబ్బు ఆయిల్ దారిలోనే ఉంది. కనెక్టర్ ఊడదీస్తే కంప్యూటర్‌లో తప్పుని సూచించే కోడ్ పడొచ్చు, లైటు వెలగొచ్చు, కంగారు పడాల్సిన పనేం లేదు.

ఈ టెస్ట్‌ని ఐడిల్‌లో, అంటే ఆక్సిలరేటర్ తొక్కకుండా, చేసి "తేడా ఏమీ లేదే" అనుకోవడం మాత్రం చాలామంది చేసే పని. పంపు ఇంజన్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి 700 ఆర్‌పీఎం దగ్గర అది తోసే ఆయిల్, 2,100 దగ్గర తోసేదాంట్లో మూడో వంతే. అంత కొంచెం ఆయిల్‌తో వాల్వ్ మూసుకున్నా తెరుచుకున్నా చెప్పుకోదగ్గ తేడా కనపడకపోవచ్చు. కాబట్టి ఆర్‌పీఎం పెంచి చూడాల్సిందే. ఇంకో జాగ్రత్త, కొన్ని సిస్టమ్స్‌లో వాల్వ్ పద్ధతి తిరగేసి ఉంటుంది, ఇంకొన్ని పాతవాటిలో కాయిలే ఉండదు. వాటిలో కూలెంట్‌లో మునిగి ఉండే మైనపు గుళిక వేడికి వ్యాకోచించి వాల్వ్‌ని నెడుతుంది. అలాంటిది ఉంటే ఊడదీయడానికి కనెక్టర్ ఉండదు, పైగా గుళిక పనిచేయడం మానేస్తే అడ్డదారి తెరిచే ఉండిపోయి ఫ్యాన్ మెల్లగానే తిరుగుతుంది, ఇందాక చెప్పిన రక్షణ దానికి వర్తించదు. మీ బండిది ఏ రకమో ఛాసిస్ మాన్యువల్‌లో డ్రాయింగ్ చూసి నిర్ధారించుకున్నాకే ముందుకెళ్ళండి.

ఫ్యాన్ ఎప్పుడూ ఫుల్‌లోనే తిరిగే కేసు తేలిక, తొందరగా ముగించేస్తాను. ముందు అది నిజంగా తప్పో కాదో చూడండి: ఏసీ నడుస్తూ దాని గ్యాస్ ప్రెషర్ పెరిగినా, బండిని నెమ్మదింపజేసే ట్రాన్స్‌మిషన్ రిటార్డర్ పనిచేస్తున్నా, టర్బో నుంచి వచ్చే గాలి బాగా వేడెక్కినా కంప్యూటర్ కావాలనే ఫ్యాన్ పెంచుతుంది. ఏసీ ఆపి, సాఫీ రోడ్డు మీద, ఇంజన్ చల్లగా ఉన్నా ఫ్యాన్ తగ్గలేదంటేనే వేట మొదలుపెట్టాలి. ఫ్యూజు, కంట్రోలర్‌కి పవరు, ఎర్తు, కాయిల్ కనెక్టర్‌లో తుప్పు, ఆ వరసలో. కాయిల్‌ని మీటర్‌తో కొలిస్తే తక్కువ ఓమ్‌లు చూపించాలి. అసలు రీడింగే రాకపోతే లోపల తీగ తెగింది, కాయిల్ మార్చుకోవడం తప్ప దారి లేదు. ఏదో ఒక సెన్సర్ పూర్తిగా తెగిపోయినా కంట్రోలర్ భయపడి ఫ్యాన్‌ని ఫుల్‌లో పెట్టేస్తుంది. అన్నట్టు, ఇలా ఎప్పుడూ ఫుల్‌లో తిరిగితే ఏం నష్టం అనుకునేవాళ్ళు ఉన్నారు. ఇంజన్ వేడెక్కడానికి చాలా సమయం పడుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు మీ దగ్గర ఉండాల్సిన శక్తిలో కొంత ఫ్యాన్ మింగేస్తుంది, డీజిల్ ఖర్చు సరేసరి.

సగం నిజం చెప్పే సెన్సర్

ఇందాక అన్న మినహాయింపు ఇదే. కనెక్టర్ ఊడదీస్తే ఫ్యాన్ పరిగెడుతోంది, పెడితే మెల్లగా తిరుగుతోంది, కానీ ఇంజన్ మాత్రం వేడెక్కుతోంది. కోడ్లు ఏమీ లేవు. ఇలాంటప్పుడు కూలెంట్ సెన్సర్ వైర్లు చూడాలి.

ఈ సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. ఇప్పుడు కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి తుప్పు చేరిందనుకోండి, ఆ తుప్పు తన వంతు నిరోధాన్ని కలుపుతుంది. మొత్తం నిరోధం ఎక్కువగా కనపడేసరికి కంట్రోలర్ ఇంజన్ ఉన్నదానికంటే చల్లగా ఉందనుకుంటుంది. వైరు పూర్తిగా తెగితే గుర్తుపట్టి ఫ్యాన్‌ని పెంచేదే, సగం పాడైతే మాత్రం నమ్మేస్తుంది. అదే తుప్పు వాల్వ్ కాయిల్ వైపు చేరితే కరెంటు తగ్గి ఫ్యాన్ స్పీడు పెరుగుతుంది తప్ప ప్రమాదం లేదు. రెండు చోట్లా అదే తుప్పు, ఒకచోట హాని లేదు, ఇంకోచోట ఇంజన్‌కే ఎసరు.

దీన్ని పట్టుకునే తీరు: ఇంజన్ కంప్యూటర్‌ని చదివే స్కానర్‌లో అది ఎన్ని డిగ్రీలు అనుకుంటోందో చూడండి, అదే సమయంలో సెన్సర్ పక్కన థర్మోస్టాట్ హౌసింగ్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలవండి. మెరిసే లోహం మీద ఆ థర్మామీటర్ తప్పు చూపిస్తుంది, అందుకే నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవాలి. రెండింటికీ రెండు మూడు డిగ్రీల తేడా మామూలే. పది పన్నెండు డిగ్రీలుంటే దొంగ దొరికినట్టే. డాష్‌బోర్డు ముల్లుని మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి, చాలా బండ్లలో దానికి విడిగా ఇంకో సెన్సర్ ఉంటుంది, లేదా కంప్యూటర్ చెప్పిందే కాస్త సర్ది చూపిస్తుంది.

ఆయిల్ వైపు తప్పు తేలితే

ఇప్పుడు కాస్త లెక్క అవసరం, భయపడేంతేం కాదు. హైడ్రాలిక్స్‌లో స్పీడుని తేల్చేది ఎన్ని లీటర్ల ఆయిల్ మోటార్‌లోంచి పోతోందన్నది, ప్రెషర్‌ని తేల్చేది ఎంత బరువు తిప్పుతోందన్నది. శక్తి కిలోవాట్లలో కావాలంటే నిమిషానికి లీటర్లని బార్‌లతో (ప్రెషర్ కొలమానం) గుణించి 600తో భాగిస్తే సరి: 60 లీటర్లు, 150 బార్ అంటే 15 కిలోవాట్లు. ఫ్యాన్ సంగతికొస్తే, స్పీడు సగానికి తగ్గితే గాలి సగం అవుతుంది, కానీ దాన్ని తిప్పడానికి కావాల్సిన ప్రెషర్ నాలుగో వంతుకి, శక్తి ఎనిమిదో వంతుకి పడిపోతాయి. అంటే ఫుల్ స్పీడ్‌లో 150 బార్ చూపించాల్సిన ఫ్యాన్ సగం స్పీడ్‌లో 40 బార్ కూడా చూపించదు. గేజ్ మీద 40 చూసి "పంపు ప్రెషర్ కట్టట్లేదు" అని తీర్పు చెప్పేయడం అందుకే తప్పు. మెల్లగా తిరిగే ఫ్యాన్‌కి ప్రెషర్ ఎలాగూ తక్కువే ఉంటుంది, అది కారణం కాదు, ఫలితం. ఆయిల్ ఎటు పోతోందన్నదే అసలు ప్రశ్న.

కాబట్టి ప్రెషర్, స్పీడు రెండూ ఒకేసారి కొలవాలి. స్పీడుకి ఫ్యాన్ రెక్క మీద మెరిసే టేపు ముక్క అంటించి దూరం నుంచి లైటు టాకోమీటర్‌తో చూస్తే చాలు. ప్రెషర్‌కి 350 బార్ దాకా ఉన్న గేజ్, దానికి తగ్గ ఫిట్టింగ్, టెస్ట్ పోర్టుకి పెట్టాలి. రెండూ ఉండాల్సినంత ఉంటే ఫ్యాన్‌ని వదిలేయండి, వేడికి కారణం వేరే చోట ఉంది. ప్రెషర్ బాగా ఎక్కువ ఉండి స్పీడు రాకపోతే మోటార్ బేరింగ్ బిగుసుకుందో, ఎవరో ఇంకో సైజు ఫ్యాన్ బిగించారో. ప్రెషర్, స్పీడు రెండూ తక్కువుంటే ఆయిల్ ఎక్కడో పక్కదారి పడుతోంది.

పక్కదారులు నాలుగు. మొదటిది ఆ వాల్వే: లోపల చిన్న లోహపు ముక్కో, సీలు తునకో ఇరుక్కుంటే పూర్తిగా మూసుకోదు. దాన్ని విప్పి కడగడం తేలిక, ఖర్చు లేని పని, కాబట్టి ముందు ఇదే. రెండోది చాలామందికి అసలు ఉందనే తెలియని చెక్ వాల్వ్. ఇంజన్ ఆర్‌పీఎం ఒక్కసారిగా పడిపోయినప్పుడు బరువైన ఫ్యాన్ తన ఊపులో తిరుగుతూనే ఉంటుంది, ఆ క్షణంలో మోటారే పంపులా మారి ఆయిల్ లాగాలని చూస్తుంది. దానికి ఆయిల్ అందేలా రిటర్న్ నుంచి మోటార్‌కి చిన్న దారి, ఆ దారికి వన్-వే వాల్వ్ ఉంటుంది. అది తెరుచుకుని ఇరుక్కుపోతే ఆయిల్ మోటార్ చుట్టూ తిరిగి వెళ్ళిపోతుంది, బయటికి చుక్క లీకు కూడా కనపడదు. కొత్త పంపు వేసినా ఫ్యాన్ బాగుపడలేదనే కేసుల్లో దీన్ని తప్పకుండా చూడాలి.

మూడోది అరిగిన మోటార్, నాలుగోది అరిగిన పంపు. మోటార్ లోపల జారిపోయిన ఆయిల్‌ని ట్యాంకుకి చేర్చే కేస్ డ్రెయిన్ హోస్ విడిగా ఉంటే అందులోంచి వచ్చే ఆయిల్ కొలిస్తే చాలు, మాన్యువల్ చెప్పినదానికంటే బాగా ఎక్కువ వస్తుంటే మోటార్ లోపల అరిగింది. పంపుని తేల్చాలంటే ఫ్లో మీటర్ పెట్టించడమే సరైన పని. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్ బాగా తిరిగి, రెండు గంటలు నడిపాక మెల్లబడుతుంటే అరుగుదల అనే అనుమానం బలపడుతుంది, ఎందుకంటే వేడికి పలచబడ్డ ఆయిల్ అరిగిన సందుల్లోంచి ఎక్కువగా జారిపోతుంది. ఉదయం గ్యారేజీలో అంతా బాగానే ఉందని పంపించేస్తే మధ్యాహ్నం ఎత్తు మీద మళ్ళీ అదే గోల రావడం వెనక ఉన్నది ఇదే. టెస్ట్ ఎప్పుడూ వేడి ఆయిల్‌తో చేయాలి.

పంపు మీద తీర్పు ఇచ్చే ముందు దానికి తాగడానికి ఆయిల్ సరిగ్గా అందుతోందా అని కూడా చూడండి. ట్యాంకు మూత తీసి చూస్తే ఆయిల్ మజ్జిగలా నురగగా ఉందంటే సక్షన్ వైపు ఎక్కడో గాలి లాగుతోంది: వదులైన క్లాంపు, గట్టిపడ్డ హోస్, పంపు షాఫ్ట్ సీలు. అక్కడ లోపలికి లాగుడే తప్ప బయటికి తోపు ఉండదు కాబట్టి ఆయిల్ కారదు, గాలి మాత్రం దూరుతుంది. నురగ లేదు, పంపు మాత్రం కీచుమని ఏడుస్తోందంటే సక్షన్ దారిలోని జాలీ మూసుకుపోయిందేమో, సక్షన్ హోస్ లోపలి పొర ఊడి దారికి అడ్డం పడిందేమో. బయటికి హోస్ నిగనిగలాడుతూనే ఉండొచ్చు. చాలా బండ్లలో ఈ ట్యాంకే పవర్ స్టీరింగ్‌కి కూడా ఆయిల్ ఇస్తుంది, కాబట్టి ఫ్యాన్ నీరసంతో పాటు స్టీరింగ్ కూడా బరువెక్కితే ట్యాంకు, ఫిల్టర్, సక్షన్ దగ్గరే వెతకండి. ఏ ఆయిల్ పోయాలన్నది మాత్రం బండి బండికీ మారుతుంది: ఒకదానికి ట్రాన్స్‌మిషన్ ఆయిల్, ఇంకోదానికి 15డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్, మరోదానికి హైడ్రాలిక్ ఆయిల్. ఉన్నదాంట్లో ఇంకోటి కలపొద్దు.

నిజంగానే పంపు ముక్కలైపోయి ఉంటే కొత్తది బిగించి చేతులు దులుపుకోకండి. పాత పంపు నుంచి రాలిన లోహపు పొడి మోటార్‌లో, వాల్వ్‌లో, కూలర్ గొట్టాల్లో ఉంటుంది. లైన్లన్నీ కడగాలి, ఫిల్టర్ మార్చి, కొంతకాలం తర్వాత మళ్ళీ మార్చాలి. కూలర్ లోపల పూర్తిగా శుభ్రం కావడం కష్టం, దాన్ని మార్చేయడమే నయం. లేకపోతే కొత్త పంపు కూడా పాత దాని దారే పడుతుంది.

ఫ్యాన్ బాగానే తిరుగుతున్నా ఇంజన్ వేడెక్కితే

ఇది మనం అనుకునేదానికంటే ఎక్కువ. ఈ బండ్లలో రేడియేటర్‌కి ఆనుకుని టర్బో గాలిని చల్లబరిచే కూలర్ ఉంటుంది, రెండింటి మధ్య సందు చాలా సన్నం. దుమ్ము, గడ్డి, మోటార్ సీలు నుంచి కారిన ఆయిల్ కలిసి ఆ సందులో దుప్పటిలా పేరుకుంటాయి. బయటి నుంచి టార్చ్ వేస్తే ముందు వరస తళతళలాడుతుంది, మధ్యలో మాత్రం గాలి పోదు. కడిగేటప్పుడు గాలి వెళ్ళే దిక్కుకి ఎదురుగా, మామూలు పైపు నీళ్ళతో, కారిన ఆయిల్‌ని కరిగించే సబ్బు వేసి నానబెట్టి కడగాలి. ప్రెషర్ వాషర్ పెడితే సన్నటి ఫిన్లు వంగి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ పగిలినా, రేడియేటర్ అంచుల రబ్బరు సీళ్ళు ఊడినా, ఒకసారి వేడెక్కి బయటికొచ్చిన గాలే మళ్ళీ లోపలికి తిరుగుతుంది. మోటార్ మార్చిన తర్వాత మొదలైన వేడి అయితే హోస్‌లు తారుమారయ్యాయేమో చూడండి, ఫ్యాన్ వెనక్కి తిరిగినా కొంత గాలి వస్తుంది కాబట్టి చూపుకి దొరకదు. రెక్కలు వెనక్కి బిగించినా అంతే, గాలి దిక్కు మారదు గానీ బలం తగ్గిపోతుంది. కూలెంట్ వైపు థర్మోస్టాట్, వాటర్ పంపు, రేడియేటర్ మూత ఉండనే ఉన్నాయి. మూతని చిన్నచూపు చూడకండి: సగం నీళ్ళు సగం గ్లైకాల్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరిగితే, 15 పీఎస్‌ఐ (సుమారు ఒక బార్) మూత బిగుతుగా ఉన్నప్పుడు 129 దాకా ఓర్చుకుంటుంది.

దారిలో ఉండగా ఫ్యాన్ స్పీడు అందుకోకపోతే పక్కకు ఆపి, ఇంజన్ ఆపి, ఆ కనెక్టర్ ఊడదీసి చూడండి. ఫుల్ స్పీడ్ వస్తే అలాగే నడుపుకుంటూ గ్యారేజీ దాకా వెళ్ళిపోవచ్చు, కాస్త గోల, కాస్త డీజిల్ తప్ప నష్టం లేదు. రాకపోతే ఏసీ ఆపి, ఎత్తులో ఒకటి రెండు గేర్లు తగ్గించి, ఆక్సిలరేటర్ మీద బరువు తగ్గించి, ఆర్‌పీఎం 2,000 పైన ఉండేలా మెల్లగా ఎక్కండి. ఆర్‌పీఎం పెరిగితే వాటర్ పంపూ ఫ్యాన్ పంపూ రెండూ ఎక్కువ తోస్తాయి, ఆక్సిలరేటర్ తగ్గించడంతో ఇంజన్ పుట్టించే వేడి మాత్రం తగ్గుతుంది.

చివరిగా, చేతుల జోలి. 150 బార్ ఉన్న హోస్‌లో సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనపడుతుంది, నొప్పి కూడా మొదట్లో ఉండకపోవచ్చు, కానీ వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో పోగొట్టుకునే ప్రమాదం ఉంది. హాస్పిటల్‌లో "ప్రెషర్ ఆయిల్ లోపలికి వెళ్ళింది" అని స్పష్టంగా చెప్పాలి. లీకు ఎక్కడుందో వెతకడానికి అట్టముక్క వాడండి, వేలు కాదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఫ్యాన్ ఆగినట్టున్నా ఏ క్షణానైనా అందుకుంటుంది. రిపేరు అయ్యాక ఆయిల్ నింపి, కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచి గాలి బుడగలన్నీ పోయాకే ఆర్‌పీఎం పెంచండి. అంతా కుదుటపడ్డాక వేడి ఆయిల్‌తో ఒకసారి ఫ్యాన్ స్పీడు, ప్రెషర్, అప్పటి ఇంజన్ ఆర్‌పీఎం కొలిచి ట్యాంకు మూత మీదే మార్కర్‌తో రాసి పెట్టుకోండి, వచ్చేసారి ఎవరు పంపు మార్చాలన్నా ముందు ఆ అంకెల్నే పోల్చి చూపించమని అడగొచ్చు.